గోలీలు అందాయి. అంతటితో సరిపోయిందా?

ఈమధ్య బంధువుల ఇంట్లో ఒక ఫంక్షన్‌కి వెళ్ళాను. భోజనాల దగ్గర మాటలు లాక్‌డౌన్ మీదికి మళ్ళాయి. ఏళ్ళు గడిచాయి కదా, ఇప్పుడు చాలామందికి అవి తీపి గుర్తులు. ఇంట్లో వేసుకున్న జిలేబీలు, డాబాల మీద క్యారమ్స్, ఒక్క బండి కూడా లేని పంజాగుట్ట చౌరస్తా. "ఇంటిల్లిపాదీ ఒక్క దగ్గర ఉన్న రోజులు, మళ్ళ రావు" అని ఒక పెద్దాయన అంటే చుట్టూ ఉన్నవాళ్ళందరూ అవునన్నారు. అదే వరసలో మా చిన్నమ్మ కూడా కూర్చుంది. ఇంటిల్లిపాదీ ఒక్క దగ్గర ఉండడమే ఆ రోజుల్లో ఆవిడకి అన్నిటికంటే పెద్ద కష్టం. ఆ మాట అక్కడ ఆవిడా అనలేదు, నేనూ అనలేదు. అక్కడ అనలేం కాబట్టే ఇక్కడ రాస్తున్నాను.

చిన్నమ్మకి హెచ్‌ఐవీ ఉంది. ఆవిడని అడిగాకే రాస్తున్నాను. పేరు రాయడం లేదు. ఉండే బస్తీ, చుట్టరికం, ఇంకొన్ని వివరాలు మార్చాను. "నా అసొంటోళ్ళు శానమంది ఉన్నరు బిడ్డా, రాయి" అంది.

కరోనా కాలంలో హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళ సంగతి ఏమైందని ఎవరైనా అడిగితే అందరూ ఒక్క ప్రశ్నే వేస్తారు: మందులు అందాయా? చాలావరకు అందాయి. ఆ జవాబుతో అందరూ తృప్తిపడతారు. వయసు మీదపడ్డవాళ్ళ విషయంలో ఆ ప్రశ్నతో ఆగిపోవడం అన్యాయమని నా అభిప్రాయం. గోలీ ఇంటిదాకా వచ్చింది కానీ, దాన్ని ఎవరి కంటా పడకుండా వేసుకునే చాటు పోయింది. బీపీ చూసే చెయ్యి పోయింది. దాచకుండా మాట్లాడగలిగే ఒకే ఒక్క చోటు కూడా పోయింది. ఇవి చికిత్సలో భాగం కావని ఎవరు నిర్ణయించారు?

మందుల సంగతి

ముందు చెప్పుకోవాల్సిన మంచి చెప్పుకుందాం. లాక్‌డౌన్ మొదట్లోనే జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ఏఆర్‌టీ సెంటర్లకి, అంటే హెచ్‌ఐవీ మందులిచ్చే సర్కారు కేంద్రాలకి, ఒక మాట చెప్పింది: ఆరోగ్యం నిలకడగా ఉన్నవాళ్ళకి నెలనెలా కాకుండా ఒకేసారి మూడు నెలల మందులు ఇచ్చెయ్యండి, రాలేనివాళ్ళకి చేర్చే దారి చూడండి అని. ఇది చిన్న విషయం కాదు. ఈ మందులు ఆపితే కొన్ని వారాల్లోనే వైరస్ మళ్ళీ పెరుగుతుంది. సహారాకి దిగువనున్న ఆఫ్రికా దేశాల్లో ఆరు నెలలపాటు మందులు ఆగిపోతే అయిదు లక్షలకు పైగా అదనపు మరణాలు ఉండొచ్చని 2020 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్యసమితి ఎయిడ్స్ విభాగం యూఎన్‌ఎయిడ్స్ కలిసి హెచ్చరించాయి. అలాంటి సమయంలో, గాంధీ ఆసుపత్రి మొత్తం కరోనా దవాఖానగా మారిపోయిన హైదరాబాద్ నగరంలో, బస్సూ రైలూ లేని రోజుల్లో, సెంటర్లలో రోగులతో మాట్లాడి ధైర్యం, సలహా చెప్పే కౌన్సిలర్లు, హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళే నడిపే పాజిటివ్ నెట్‌వర్క్‌ల వాలంటీర్లు సొంత బండ్ల మీద పెట్రోలు పోసుకుని తిరిగి డబ్బాలు చేర్చారు. వాళ్ళకి దణ్ణం పెట్టాలి.

అయినా భయం ఊరికే పోలేదు. 2020 మార్చిలో టీవీలన్నీ "కరోనాకి ఎయిడ్స్ మందులు" అని ఊదరగొట్టాయి గుర్తుందా? అది లోపినావిర్, రిటోనావిర్ అనే జోడీ, మొదటి వరస మందులు పనిచెయ్యనివాళ్ళకి ఇచ్చేది. కరోనాకి అది పనికిరాదని తేలి ప్రపంచ ఆరోగ్య సంస్థ జులైలో ఆ ప్రయోగం ఆపేసింది. కానీ ఆ నాలుగు నెలలూ చిన్నమ్మ నాకు ఫోన్ చేసి అడిగింది ఒక్కటే: "మన గోలీలన్నీ ఆళ్ళకే ఇస్తే మనకెట్ల?" ఆవిడ వేసుకునేది ఆ మందే కాదు. అది ఆవిడకి ఎవరు చెప్పాలి? మామూలుగా అయితే సెంటర్లో కౌన్సిలర్ చెబుతుంది.

ఇంట్లో చాటు ఎక్కడ

చిన్నమ్మ భర్త 2003లో పోయాడు. ప్రభుత్వం ఉచితంగా మందులివ్వడం 2004 ఏప్రిల్ 1న మొదలైంది, ముందుగా మొదలైన ఆరు రాష్ట్రాల్లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ కొద్ది నెలల తేడా గురించి ఆవిడ ఎప్పుడూ మాట్లాడదు. ఆవిడకి సీడీ4, అంటే ఒంట్లో రోగాన్ని ఎదిరించే కణాల లెక్క, బాగా పడిపోయాక, 2007లో మందులు మొదలుపెట్టారు. అప్పట్లో మామూలుగా సీడీ4 200 కంటే తగ్గితే గానీ ఇచ్చేవాళ్ళు కాదు. 2020కి ఆవిడకి 58. రెండు గదుల ఇల్లు, కొడుకు, కోడలు, ఇద్దరు పిల్లలు. కొడుక్కి తెలుసు, కోడలికి తెలియదు.

మామూలు రోజుల్లో ఇది నడిచిపోతుంది. కొడుకు పనికి, పిల్లలు బడికి, కోడలు కుట్టుపని చేసే షాపుకి పోయాక పగలంతా ఇల్లు ఆవిడదే. నెలకొక డబ్బా. లేబుల్ గోకేసి, గోలీలు గలగలలాడకుండా లోపల దూది కుక్కి, తన బట్టల పెట్టెలో అడుగున పెట్టుకుంటుంది. రాత్రి అందరూ పడుకున్నాక ఒకటి వేసుకుంటుంది.

లాక్‌డౌన్ ఈ ఏర్పాటునంతా కూల్చేసింది. అయిదుగురూ ఇరవై నాలుగు గంటలూ ఆ రెండు గదుల్లోనే. అర్ధరాత్రి దాకా ఎవరో ఒకరు ఫోన్ చూస్తూ మెలకువగా ఉంటారు. పైగా కోడలు మంచి పనిమంతురాలు, ఖాళీగా కూర్చోలేదు, ఇల్లంతా దులపడం మొదలుపెట్టింది. అల్మారాలు, పెట్టెలు, అటకలు, అన్నీ దించి తుడిచి శానిటైజర్ కొట్టడం. సరిగ్గా ఆ సమయంలోనే చిన్నమ్మ చేతికి ఒక డబ్బాకి బదులు మూడు డబ్బాలు వచ్చాయి. ఆఫీసు లెక్కలో అది సౌకర్యం. ఆవిడకేమో దాచుకోవాల్సినవి మూడింతలయ్యాయి.

ఆవిడ ఏం చేసిందంటే డబ్బాలు పారేసి, గోలీలన్నీ ఒక గుడ్డలో మూటకట్టి చీరల మధ్య పెట్టుకుంది. ఆ డబ్బాలో తేమ పీల్చే చిన్న పొట్లం ఉంటుంది, అది ఊరికే వెయ్యరు. గోలీకి చెమ్మ తగలకూడదని ఆ ప్యాకింగ్. జూన్ వచ్చి వానలు పడ్డాక కొన్ని గోలీలు మెత్తబడి రంగు మారాయి. వేసుకోవాలా పారెయ్యాలా అని నన్ను అడిగింది. ఇలాంటివి ఏ రిపోర్టులోకీ ఎక్కవు. మందు ఇచ్చినట్టు రిజిస్టర్‌లో సంతకం ఉంటుంది.

చెప్పేస్తే పోయేది కదా అంటారు. నేనూ ఆలోచించాను. కోడలు చెడ్డదేం కాదు, బహుశా అర్థం చేసుకునేదేమో. కానీ కొడుకు అన్న మాట విన్నాక నాకు నోట మాట రాలేదు. "ఇప్పుడు చెప్పి లొల్లయితే నువ్వు యాడికి పోతవమ్మా? బస్సులు కూడా లెవ్వు" అన్నాడట. కఠినంగా ఉంది కానీ నిజం. మామూలు రోజుల్లో గొడవైతే నాలుగు రోజులు చెల్లెలింటికో ఊరికో పోయి, వేడి తగ్గాక రావచ్చు. రోడ్లు మూసేశాక ఆ వీలే లేదు. రహస్యం బయటపడితే తలదాచుకునే రెండో గుమ్మం లేనప్పుడు నోరు మూసుకోవడం పిరికితనం ఎలా అవుతుంది?

ఇంకొకటి కూడా ఉంది. ఆ వేసవిలో టీవీలో కరోనా శవాలని ప్లాస్టిక్‌లో చుట్టి తీసుకుపోవడం పదే పదే చూపించేవాళ్ళు. ఇంట్లో అందరూ కూర్చుని చూసేవాళ్ళు. చిన్నమ్మ భర్తని 2003లో అట్లాగే పాలిథీన్‌లో చుట్టి ఇచ్చారు, మొయ్యడానికి నలుగురు రాలేదు. మనందరికీ అది కొత్త దృశ్యం. ఆవిడ వయసువాళ్ళకి, ఆ జబ్బు చేసినవాళ్ళకి, అది పాతదే. ఆ వార్త వచ్చినప్పుడల్లా ఆవిడ లేచి వంటగదిలోకి పోతే "అత్తమ్మకి కరోనా అంటే మస్తు భయం" అని కోడలు నవ్వేదట.

మూడు కిలోమీటర్లు

ఇంకొక పెద్దాయన, ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేసి మానేసిన మనిషి, ఒక్కడే అద్దెగదిలో ఉంటాడు. ఈయనకి దాచే తిప్పలు లేవు, చూసేవాళ్ళే లేరు. మూడు నెలల మందులు ఇమ్మని చెప్పడానికి ముందే ఆయన నెల డబ్బా అయిపోవస్తోంది. నడిచి బయల్దేరాడు. ఇంటి నుంచి మూడు కిలోమీటర్లు దాటకూడదని పోలీసులు అప్పట్లో పెట్టిన రూలు గుర్తుండే ఉంటుంది. చెక్‌పోస్టులో ఆపారు. ఆయన జేబులో రెండు కాగితాలున్నాయి. ఒకటి ఏఆర్‌టీ సెంటర్‌వాళ్ళు ఇచ్చిన గ్రీన్ బుక్, అంటే హెచ్‌ఐవీ చికిత్స వివరాలు రాసే పుస్తకం, చూపిస్తే వదిలేసేవాళ్ళే. రెండోది పాత బీపీ చీటీ. ఆయన బీపీ చీటీ తీశాడు. "బీపీ గోలీలు మీ గల్లీల మెడికల్ షాపుల దొర్కుతయి కదా, గింత దూరం ఎందుకు?" అని అడిగాడట కానిస్టేబుల్. అడిగిన ప్రశ్నలో తప్పు లేదు. పెద్దాయన వెనక్కి తిరిగి వచ్చేశాడు.

హెచ్‌ఐవీ చట్టం 2017లో వచ్చింది, 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. ఎవరి జబ్బు సంగతీ వాళ్ళ ఇష్టం లేకుండా బయటపెట్టించకూడదనేది దాని ప్రాణం. బారికేడ్ దగ్గర, వెనక నలుగురు నిలబడి చూస్తుండగా, గ్రీన్ బుక్ చూపిస్తే తప్ప మందుకి దారి లేదంటే ఆ చట్టం ఉన్నట్టా లేనట్టా? జబ్బు పేరు లేకుండా "దవాఖాన పని" అని ఒక పాస్ ఇస్తే సరిపోయేది. గుండె, కిడ్నీ, క్యాన్సర్ వాళ్ళకీ అదే పాస్ ఉంటే ఎవరిది ఏ జబ్బో ఎవరికీ తెలిసేది కాదు.

నిజానికి ఈ వయసువాళ్ళు ఎప్పుడూ వేరే పేరు చాటునే బతుకుతున్నారు. తెలంగాణ ప్రభుత్వం ఇచ్చే ఆసరా పింఛను హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళకి కూడా ఉంది, 2019లో దాన్ని నెలకి 2016 రూపాయలు చేశారు. చిన్నమ్మ అది పెట్టుకోలేదు. వితంతు పింఛను తీసుకుంటుంది, డబ్బు అంతే, ఎవరూ ఏమీ అడగరు. గోలీలు బీపీవి, పింఛను వితంతువుది, నెలనెలా దవాఖానకి పోవడం కాళ్ళ తిమ్మిర్లకి.

ఆ తిమ్మిర్లు మాత్రం నిజమే. 2007లో ఆవిడకిచ్చిన స్టావుడిన్ అనే మందు వల్ల నరాలు దెబ్బతిన్నాయి, బుగ్గలు లోపలికి పోయాయి. ఆ మందు వాడకం తగ్గించమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో చెప్పింది, ఆ తర్వాత ఆవిడకీ మార్చారు, తిమ్మిర్లు మాత్రం ఉండిపోయాయి.

లెక్కలో లేని వయసు

మన దేశంలో హెచ్‌ఐవీ ఎంత శాతం మందికి ఉందని చెప్పే ప్రధాన అంకె 15 నుంచి 49 ఏళ్ళ వాళ్ళదే. 2019 అంచనాల్లో తెలంగాణకి 0.49 శాతం అన్నారు, అది ఆ వయసువాళ్ళ లెక్క. రాష్ట్రాలని పోల్చి చూడడానికి ఆ కొలత సరైనదే కావచ్చు. కానీ 2004 తర్వాత మందులు అంది బతికి బయటపడ్డవాళ్ళు యాభైలు, అరవైలు దాటుతున్నారు. ఇది గర్వపడాల్సిన సంగతి. ఆ గర్వం ప్రధాన అంకెలో కనిపించదు, కనిపించనివాళ్ళకి విడిగా ఏర్పాటూ ఉండదు.

యాభై దాటిన హెచ్‌ఐవీ మనిషికి వైరస్ ఒక్కటే సమస్య కాదు. గుండెజబ్బు ముప్పు మిగతావాళ్ళకంటే ఎక్కువ. ఇప్పుడు వాడే టెనోఫోవిర్ అనే హెచ్‌ఐవీ మందుతో కిడ్నీలు, ఎముకలు చూసుకుంటూ ఉండాలి. బీపీ, షుగర్ మామూలే. లాక్‌డౌన్‌లో జరిగిందేమిటంటే, ఏఆర్‌టీ గోలీలు ఇంటికి వచ్చాయి, బీపీ గోలీలు రాలేదు. అవి వేరే డిపార్ట్‌మెంట్, ఆ ఓపీ మూతపడింది. చిన్నమ్మ చేతిలో మూడు నెలల వైరస్ మందు ఉంది, బీపీ మందు వారానికి కూడా లేదు. మెడికల్ షాపులో కొనుక్కోవచ్చు, నిజమే. కొడుక్కి సగం జీతం వస్తున్న నెలల్లో, ప్రభుత్వం రేషన్ కార్డుకి ఇచ్చిన 1500 రూపాయలతో కూరగాయలు కొంటున్న ఇంట్లో, ఆవిడ రోజు విడిచి రోజు వేసుకుంది. నాకు చెప్పలేదు. సెప్టెంబరు ఆఖర్లో సిటీ బస్సులు మళ్ళీ తిరిగాక ఎప్పుడో, బీపీ 180 ఉందని తెలిశాక చెప్పింది.

2021 మార్చి 1న టీకా మొదలైంది: అరవై దాటినవాళ్ళకి, 45 నుంచి 59 మధ్య ఉండి పెద్ద జబ్బులున్నవాళ్ళకి. ఆ జబ్బుల జాబితాలో ఇరవై ఉన్నాయి, హెచ్‌ఐవీ కూడా ఉంది. పెట్టినవాళ్ళ ఉద్దేశం మంచిదే, ముందు వీళ్ళని కాపాడాలని. కాకపోతే డాక్టర్ సంతకంతో సర్టిఫికెట్ చూపించాలి. ఫోన్‌లో రిజిస్టర్ చేసేది కోడలు, టీకా సెంటర్లో కాగితం చూసేది బస్తీలో తెలిసిన మనిషి. చిన్నమ్మకి అప్పుడు 59. ఇంకొక్క ఏడాది పెద్దదై ఉంటే ఆధార్ కార్డు సరిపోయేది. ఆవిడ ఆగింది. ఏప్రిల్ 1న 45 దాటిన అందరికీ తెరిచాకే వేయించుకుంది. అప్పటికే రెండో వేవ్ మొదలైంది. హెచ్‌ఐవీ ఉంటే కరోనా ముదిరే ముప్పు, చనిపోయే ముప్పు ఎక్కువని ఆ జులైలో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ముందు వేయించుకోవలసిన మనిషి, ముందు వేయించుకునే హక్కున్న మనిషి, ఆ హక్కుని వాడుకోవాలంటే బయటపడాల్సి వచ్చి వదులుకుంది.

కౌన్సిలర్ మేడమ్‌తో వాదన

ఇదంతా నేను ఒక కౌన్సిలర్ మేడమ్‌తో అన్నాను. ఆవిడ ఈ పనిలో చాలా ఏళ్ళుగా ఉన్నారు, ఆ రెండు వేవ్‌లూ డ్యూటీ చేశారు. ఆవిడకి కోపం వచ్చింది, రావడం న్యాయమే. "మేము ఒక్కొక్కరికి ఫోన్ చేశాం. ఇంటికి వద్దంటే చౌరస్తాలో నిలబడి ఇచ్చాం. మందులు ఆగనివ్వలేదు. అప్పుడు అదే ముఖ్యం. మీరు చెప్పేవన్నీ ప్రాణం ఉంటే కదా" అన్నారు. ఇంకా అన్నారు, ఒకేసారి ఎక్కువ నెలల మందులివ్వడం పెద్దవాళ్ళకే మేలు, నడుం నొప్పులతో నెలనెలా బస్సెక్కి రావడం తప్పుతుంది, పని చేసుకునే కుర్రాళ్ళు అయితే ఇదే కావాలంటారు అని.

ఇందులో కాదనడానికి ఏమీ లేదు. చిన్నమ్మకి కూడా డబ్బాలు ఇంటికి కాకుండా రెండు గల్లీల అవతల ఒక మెడికల్ షాపు దగ్గరే ఇచ్చారు, ఆవిడ అడిగింది కాబట్టి. 2020లో మాస్కు, బ్యాగు, చేతిలో పేపరుతో కొత్త మనిషి గుమ్మం దగ్గరికి వస్తే గల్లీ గల్లీ అంతా బయటికొచ్చి చూసేది. ఆ సంగతి వాలంటీర్లకి మన అందరికంటే బాగా తెలుసు.

కానీ ఫోన్ విషయంలో నేను ఒప్పుకోలేకపోయాను. ఇంట్లో ఉన్న ఒక్క స్మార్ట్‌ఫోన్ పిల్లల ఆన్‌లైన్ క్లాసులకి పోయింది. చిన్నమ్మ నంబరు అందులోనే ఉంది. కౌన్సిలర్ చేసినప్పుడు ఎత్తింది మనవడు. ఎత్తి, స్పీకర్ పెట్టి, "నానమ్మా, ఎవరో మేడమ్, మందులు మంచిగ వేసుకుంటున్నవా అని అడుగుతున్నరు" అని ఇంట్లో అందరికీ వినపడేలా చెప్పాడు. చిన్నమ్మ "ఆఁ ఆఁ మంచిగనే" అని పెట్టేసింది. ఫోన్ చేసినట్టు, పేషెంట్ బాగున్నట్టు అటువైపు నమోదై ఉంటుంది. ఇది చెప్పాక మేడమ్ కాసేపాగి, "మాకు చాలామంది ఆఁ ఆఁ అనే అనేవాళ్ళు" అన్నారు.

సెంటర్లో బెంచీ మీద కూర్చున్నప్పుడు ఎవరూ ఆఁ ఆఁ అనరు. అక్కడ అందరి చేతుల్లోనూ అదే పుస్తకం. చిన్నమ్మ అక్కడ తిమ్మిర్ల గురించి, నిద్ర గురించి, కోడలి గురించి, 2003 గురించి కూడా మాట్లాడుతుంది. ప్రెస్సు పెద్దాయనకి ఆ బెంచీ మీద 2006 నుంచి ఒక స్నేహితుడు ఉండేవాడు, ఇద్దరూ ఒకే తారీఖు వేయించుకునేవాళ్ళు. ఆ స్నేహితుడు 2020లో గుండెపోటుతో పోయాడు. ఈయనకి నెలల తర్వాత తెలిసింది. వాళ్ళింట్లో ఈయన ఎవరో తెలియదు, కబురు చెప్పేవాళ్ళెవరు?

అందుకే ఎక్కువ నెలల మందులివ్వడం ఆపమని నేను అనడం లేదు. మందులు ఇచ్చే రోజునీ మనిషిని చూసే రోజునీ ఒకటే చేసి, ఒకటి తగ్గించాం కాబట్టి రెండోది కూడా తగ్గినట్టే అనుకోవడం తప్పంటున్నాను. ఏఆర్‌టీ ఇచ్చే కౌంటర్లోనే బీపీ, షుగర్ గోలీలు కూడా అన్నే నెలలకి ఇవ్వండి. మందు ఎక్కడ తీసుకోవాలో, ఫోన్ ఏ నంబరుకి ఏ టైములో చెయ్యాలో ముందే ఆ మనిషిని అడిగి రాసుకోండి. మళ్ళీ ఏ మహమ్మారో వచ్చి ఊరు మూతపడితే, దారిలో చూపించే కాగితం మీదా టీకా కాగితం మీదా జబ్బు పేరు ఉండకూడదు. ఇవేవీ కోట్లు ఖర్చయ్యే పనులు కావు.

చిన్నమ్మ ఇప్పటికీ నెలనెలా వస్తానని అడుగుతోంది. "మందులు చేతిలో ఉన్నాక ఎందుకమ్మా తిరగడం, హాయిగా ఇంట్లో ఉండు" అంటారు అక్కడివాళ్ళు, ప్రేమగానే. ఆవిడ రూలు దాటి ఏమీ అడగడం లేదు. వచ్చిన రోజు బరువు చూసి, బీపీ చూసి, పది నిమిషాలు కూర్చోబెట్టి మాట్లాడమంటోంది. ఆ పది నిమిషాలకి రిజిస్టర్‌లో ఒక గడి గీయమని కౌన్సిలర్ మేడమ్‌ని మళ్ళీ అడిగాను. పైవాళ్ళకి రాసి పెడతానన్నారు, నన్ను కూడా ఒక అర్జీ రాసివ్వమన్నారు. రాస్తున్నాను. మీ ఇళ్ళల్లో, మీ ఎరుకలో ఇట్లాంటి పెద్దవాళ్ళు ఉంటే వాళ్ళకి ఇంకా ఏం కావాలో అడిగి, పేర్లు లేకుండా నాకు రాయండి, అర్జీలో చేరుస్తాను.